అవకాశమునకు నోచని ప్రతిభ
ముష్టియోధుడు సామ్ లాంగ్‌ఫర్డ్ చరిత్రము

(మహాసభ రెండవదినమున యువజనగోష్ఠియందు చేసిన ఉపన్యాసము)



ఈ గోష్ఠియందు "ప్రతిభయు, అవకాశమును" అను విషయమును గూర్చి ప్రసంగింపవలసినదని కార్యదర్శిగారు నన్ను ఆజ్ఞాపించిరి. సంస్కృతము చదివి, ముప్పదియైదేండ్లు బడిపిల్లలకు శబ్దమంజరియు రఘువంశమును చెప్పి విశ్రాంతి గొన్నవాడను గనుక, ఏ భారవినో భవభూతినో పురస్కరించుకొని నాలుగు మాటలు చెప్పుదునని మీరు తలచియుందురు. నేను చెప్పబోవునది యొక గుద్దులాటగాని కథ. ముందువరుసలోని పెద్దలు చిఱునవ్వు నవ్వుచున్నారు. నవ్వనిండు, కథ ముగియులోపల ఆ నవ్వు దానంతట నదియే పోవునని నా నమ్మకము.

గుద్దులాటగానినే యేల యెన్నుకొంటిననిన, దానికొక కారణము కలదు. ఫలానాకవి గొప్పవాడే, లోకము గుర్తింపలేదని యొకడనినచో, గుర్తింపదగినంత గొప్పవాడు కాడని మఱియొకడు వాదింపవచ్చును. ఆ వాదమునకు అంతులేదు. ముష్టియుద్ధమున నట్లుగాదు. ఇరువురు ఎదురెదురుగా నిలుతురు, ఒకడు క్రిందపడును. చదువురాని వానికి సైతము ఎవడు మిన్నయో కంటికి కనబడును. ప్రతిభ యింత ప్రత్యక్షముగా తెలియు వృత్తియందును పుట్టుక అడ్డుపడెనేని, ప్రతిభను తూచుటకు త్రాసులేని తక్కిన వృత్తుల మాట చెప్పనేల?

ముష్టియుద్ధము మనకు తెలియని విద్య కాదు. భాగవతమున బలరాముని చేత మడిసిన మల్లుని పేరే ముష్టికుడు. పాశ్చాత్యులు ఈ విద్యకు చేతితొడుగులను, మూడు నిమిషముల రౌండులను, రిఫరీని ఏర్పరచి, యోధులను దేహపుబరువును బట్టి తరగతులుగా విభజించిరి. 135 పౌనులలోపువారు లైట్‌వెయిట్టువారు. వారికి పైని వెల్టరువెయిట్టు, మిడిల్‌వెయిట్టు మున్నగునవి కలవు. అన్నిటికి మీదిది హెవీవెయిట్టు; దానికి పైమితి లేదు. పదిమందిలో పెద్దపేరు, పెద్దధనము ఆ తరగతిలోని జగజ్జెట్టికే చెందుచుండెను.

ఇచ్చట నొక మర్మము తెలిసికొనవలెను. ఆ కాలమున జగజ్జెట్టి బిరుదు పరీక్షలో మొదటిశ్రేణి వంటిది కాదు. అందఱును పోటీకి కూర్చుండి, మిక్కిలి మార్కులు వచ్చినవాడు గ్రహించునది కాదు. బిరుదు కలవానితో తలపడి గెలిచిననే బిరుదు వచ్చును. ఎవనితో తలపడవలెనో నిర్ణయించుకొనువాడు ఆ బిరుదు కలవాడే. అతనిని నిర్బంధింపగల సంస్థ యేదియు ఆనాడు లేకుండెను. సొమ్ము పెట్టి పోటీ యేర్పాటు చేయువ్యాపారి యొకడు, బిరుదు గలవాని పక్షమున బేరమాడు మేనేజరు ఒకడు, ఈ యిద్దఱి అంగీకారమే శాసనము. కావున కోట ఎంత యెక్కదగినదైనను తాళపుచెవి లోపలివాని మొలలోనే యుండెను.

ఆ తాళపుచెవిని నల్లజాతివాని కిచ్చుటకు అమెరికా శ్వేతజాతీయులు సమ్మతింపరైరి. పీటర్ జాక్సన్ అను నల్లజాతియోధుడు 1886లో ఆస్ట్రేలియాదేశపు హెవీవెయిట్టు బిరుదు గెలిచి అమెరికాకు వచ్చెను. నాటి జగజ్జెట్టి జాన్ సలివన్ తాను నల్లవానితో తలపడనని స్పష్టముగా చెప్పెను. 1891 మే నెలలో సాన్ ఫ్రాన్సిస్కోనగరమున జేమ్స్ కార్బెట్టుతో జాక్సన్ 61 రౌండులు పోరాడగా, ఎటును తేలక పోటీ నిలిపివేయబడెను. మరుసటియేట సలివనుతో బిరుదుకై పోరాడు అవకాశము కార్బెట్టుకు దొరకెను, అతడు జగజ్జెట్టి యయ్యెను. జాక్సనుకు దొరకలేదు. అతడు 1901లో క్షయవ్యాధిచే ఆస్ట్రేలియాలో కన్నుమూసెను. ఒకే గోదాలో సరిసమానులుగా నిలిచిన యిరువురిలో నొకనికి కిరీటము, మఱియొకనికి సమాధి! వర్ణమను శబ్దమునకు మన భాషలో రెండర్థములు కలవు: ఒకటి రంగు, రెండవది పుట్టుకచే వచ్చు తరగతి. అమెరికాలో ఆ రెండర్థములు నొక్కటే యయ్యెను.

ఇక నా కథానాయకుని చరిత్రము. కెనడాదేశమున నోవాస్కోషియా అను తూర్పుతీరపు సీమ కలదు. అమెరికా స్వాతంత్ర్యయుద్ధకాలమున దాస్యము తప్పించుకొని వచ్చిన నల్లజాతివారు అనేకులు అచ్చట స్థిరపడిరి. అట్టి పల్లెలలో నొకటియైన వేమౌత్ ఫాల్సునందు 19వ శతాబ్ది ఎనుబదులలో సామ్ లాంగ్‌ఫర్డ్ జన్మించెను. మన కోడి రామమూర్తినాయుడుగారికి ఇంచుమించు ఈడువాడు. కటికపేదఱికము, తండ్రి చేతిదెబ్బలు ఆ బాలుని పసితనముననే యిల్లు వెడలగొట్టెను. ఆ పనియు ఈ పనియు చేయుచు బోస్టన్ నగరము చేరి, ఆకలితో నొక మందుల అంగడిలో కాలుపెట్టెను. ఆ యంగడివాని పేరు జో ఉడ్‌మన్. అతడు ముష్టియుద్ధపు క్లబ్బొకటి నడుపుచుండెను. బాలునకు అన్నము పెట్టించి, క్లబ్బు ఊడ్చు పని యిచ్చెను. చీపురు పట్టిన చేయి కొలదికాలమునకే తొడుగు తొడిగెను. 1902లో లాంగ్‌ఫర్డ్ వృత్తియోధుడయ్యెను; ఉడ్‌మన్ అతని మేనేజరయ్యెను.

మనిషి పొట్టి, ఇంచుమించు అయిదడుగుల ఏడంగుళములు. కాని భుజములు విశాలములు, చేతులు ఆజానుబాహువులు. గుద్దు సమీపమునుండి వచ్చును. ఎప్పుడు వచ్చునో ఎదుటివానికి తెలియదు. బలము మాత్రమే కాదు, ఎదుటివాని కదలిక చదువగల బుద్ధియు నతనికి కలదు.

అతని భాగ్యము ఎట్టిదో మొదటి రెండేండ్లలోనే తెలిసినది. 1903 డిసెంబరు 8వ తేదీన బోస్టనులో లైట్‌వెయిట్టు జగజ్జెట్టి జో గాన్సును 15 రౌండులలో ఓడించెను. గాన్సు సామాన్యుడు కాడు. ఆ తరగతిలో పుట్టినవారిలో అగ్రగణ్యుడని నేటికిని పేరు. కాని లాంగ్‌ఫర్డ్ బరువు ఆ తరగతి మితికి మించియుండుటచే ఆనాటి పోటీ బిరుదుకు సంబంధించినది కాలేదు. గెలుపు అతనిది, బిరుదు గాన్సుది! మఱుసటియేడు 1904 సెప్టెంబరులో వెల్టరువెయిట్టు జగజ్జెట్టి, బార్బడోసు ద్వీపవాసి జో వాల్కాటుతో 15 రౌండులు తలపడెను. రిఫరీ యిరువురు సమానులనెను. సమానమైనచో బిరుదు కలవానియొద్దనే నిలుచుట ఆచారము. ఒకమారు తూనికరాళ్లు, ఒకమారు ఆచారము. ఇంతవఱకు దీనిని అదృష్టలోపమనుకొందము. తరువాతి కథను అదృష్టమను మాటతో సరిపెట్టుటకు వీలులేదు.

వయసుతో పాటు బరువును పెరుగగా లాంగ్‌ఫర్డ్ హెవీవెయిట్టువారితో తలపడసాగెను. 1906 ఏప్రిలు 26వ తేదీన బోస్టను చెంతనున్న చెల్సీలో జాక్ జాన్సన్ అను నల్లజాతియోధునితో 15 రౌండులు పోరాడెను. జాన్సన్ అతనికంటె ఆరంగుళముల పొడగరి, రమారమి ముప్పది పౌనుల అధికభారము గలవాడు. ఆనాడు జాన్సనే గెలిచెను. లాంగ్‌ఫర్డ్ దెబ్బలు తినెను. వాస్తవముగా లాంగ్‌ఫర్డే జాన్సనును పడగొట్టెనని తరువాతికాలమున ఉడ్‌మన్ ఒక ప్రచారము లేవదీసెను గాని, ఆనాటి పత్రికలలోని వృత్తాంతము లట్లు చెప్పవు. మనము అభిమానించువాని విషయమునను సత్యమే చెప్పవలెను. అయినను, అంత చిన్నవాడు అంత పెద్దవానియెదుట 15 రౌండులు నిలిచెననుట జాన్సను మఱువలేదు.

ఆ జాన్సనుకు జరిగిన అన్యాయము నాలింపుడు. అతడు జగజ్జెట్టి యగుటకు సర్వవిధముల తగినవాడు. కాని నాటి జగజ్జెట్టి టామీ బర్న్స్ అతనికి అవకాశమీయక తప్పించుకొని తిరుగుచుండెను. జాన్సన్ అతనిని వెంటాడి ఇంగ్లండుకును, అచ్చటినుండి ఆస్ట్రేలియాకును పోయెను. తుదకు బర్న్సుకు 30,000 డాలర్లు ముట్టజెప్పుదుమని యొక వ్యాపారి ముందుకు రాగా, 1908 డిసెంబరు 26వ తేదీన సిడ్నీనగరమున పోటీ జరిగెను. జాన్సన్ 14వ రౌండున గెలిచి, హెవీవెయిట్టు తరగతిలో మొదటి నల్లజాతి జగజ్జెట్టి యయ్యెను. నల్లజాతివారి యిండ్ల పండుగ యయ్యెను. తలుపు తెఱవబడెనని లోకము భావించెను.

సోదరులారా! నా కథకు గుండెకాయ యిచ్చటనే యున్నది. ఆ తలుపు జాన్సనుకు తెఱవబడెను. అతడు లోపలికి ప్రవేశించి దానిని మూసెను.

ఆస్ట్రేలియాకు పోకమునుపే, తాను బిరుదు గెలిచినచో లండనులోని నేషనల్ స్పోర్టింగ్ క్లబ్బున లాంగ్‌ఫర్డుతో తలపడుదునని జాన్సన్ ఒప్పుకొనియుండెను. గెలిచినపిమ్మట ఆ మాట నిలుపుకొనలేదు. లాంగ్‌ఫర్డ్ లండనుకు పోయి, 1909 మే నెలలో అచ్చటి హెవీవెయిట్టు యోధుడైన అయన్ హేగును నాలుగవ రౌండున నేలగూల్చి, ఖాళీచేతులతో తిరిగివచ్చెను. జాన్సన్ ఆరేండ్లకు పైగా జగజ్జెట్టిగా నుండెను. లాంగ్‌ఫర్డునకు ఒక్కమారును అవకాశమీయలేదు. లాంగ్‌ఫర్డుతో సమానస్కంధులైన జో జెనెట్, సామ్ మెక్‌వే అను నల్లజాతియోధులకును ఈయలేదు.

ఇచ్చినది ఎవరికో చూడుడు. 1909 అక్టోబరులో స్టాన్లీ కెచెల్ అను మిడిల్‌వెయిట్టువానికి ఇచ్చి, అతనిని 12వ రౌండున పడగొట్టెను. ఆ కెచెలే 1910 ఏప్రిలులో ఫిలడెల్ఫియాలో లాంగ్‌ఫర్డుతో ఆరు రౌండులు తలపడగా, ఆ రాష్ట్రపు ఆచారము ననుసరించి తీర్పే చెప్పబడలేదు. ఆ యిరువురికి దీర్ఘమైన పోటీ యేర్పాటగునను మాట పుట్టినది గాని, ఆ అక్టోబరులోనే కెచెల్ హత్యకు గురియయ్యెను. 1910 మార్చిలో జిమ్ ఫ్లిన్ అను శ్వేతజాతీయుని లాంగ్‌ఫర్డ్ ఎనిమిదవ రౌండున నాకౌటు చేసెను. 1912 జూలై 4వ తేదీన బిరుదుకై జాన్సనుతో పోరాడు అవకాశము ఎవరికి వచ్చెను? నేలగూలిన ఫ్లిన్నుకు! నేలగూల్చిన లాంగ్‌ఫర్డునకు కాదు.

జాన్సను పక్షమునను చెప్పవలసినది కలదు. ఒకపక్షమే వినుట న్యాయసభకు తగదు. ఇరువురు నల్లవారు తలపడినచో శ్వేతజాతి ప్రేక్షకులు సొమ్మిచ్చి చూడ రారని వ్యాపారులు తలచిరి. తెల్లవాడెవడైన జాన్సనును పడగొట్టునాయని చూచుటకే జనులు క్రిక్కిఱిసి వచ్చుచుండిరి. 1910 జూలై 4వ తేదీన రీనోనగరమున జాన్సన్ మునుపటి జగజ్జెట్టి జెఫ్రీసును ఓడించినప్పుడు దేశమున పలుతావుల అల్లరులు చెలరేగి, నల్లజాతివారు ప్రాణములు కోల్పోయిరి. అట్టి దేశమున జాన్సనుకు ప్రతిదినమును గండమే. మిక్కిలి ధనము వచ్చుచోటును, మిక్కిలి అపాయము లేని పోటీని వెదకుకొనుట మానవసహజము. ఇదంతయు నిజమే. కాని 1913 డిసెంబరులో పారిసునగరమున అతడు జిమ్ జాన్సన్ అను మఱియొక నల్లజాతివానితో బిరుదుపోటీ చేసెను. అది సమానముగా ముగిసెను. కావున ఇరువురు నల్లవారు తలపడరాదను నియమము ఎక్కడిది? జిమ్ జాన్సన్ నల్లవాడే. కాని లాంగ్‌ఫర్డ్ కాడు. అడ్డగించినది వర్ణమొక్కటే కాదు, భయమును. వర్ణము ఆ భయమునకు చక్కని ముసుగయ్యెను.

1915 ఏప్రిలు 5వ తేదీన హవానానగరమున జెస్ విలార్డ్ అను శ్వేతజాతీయుడు జాన్సనును 26వ రౌండున ఓడించెను. అంతటితో తలుపునకు బయటినుండియు గడియ పడెను. తరువాత ఇరువదిరెండేండ్లవఱకు ఏ నల్లజాతివానికిని హెవీవెయిట్టు బిరుదుకై పోరాడు అవకాశము రాలేదు. 1919లో జగజ్జెట్టియైన జాక్ డెంప్సీకి హారీ విల్స్ అను నల్లజాతియోధుడు ఏండ్లతరబడి సవాలు విసరెను. 1925లో ఒప్పందపత్రముపై సంతకములు కూడ పడెను. పోటీ మాత్రము జరుగలేదు. ఆ డెంప్సీయే తన ఆత్మకథలో, 1916లో తనను లాంగ్‌ఫర్డుతో జతపఱుపజూచినప్పుడు తాను నిరాకరించితిననియు, లోకమున తాను భయపడిన మనుష్యుడు లాంగ్‌ఫర్డే యనియు ఒప్పుకొనెను. మహావీరుని నోట వచ్చిన యీ మాటకంటె మేలైన యోగ్యతాపత్రము ఏ యోధునికి కావలెను? అయినను, యోగ్యతాపత్రముతో కడుపు నిండదు.

తలుపు వెలుపల నిలిచినవా రేమిచేసిరి? ఒకరితో నొకరు కొట్టుకొనిరి. లాంగ్‌ఫర్డ్, జెనెట్, మెక్‌వే, విల్స్ అను నలువురు అమెరికాలోను, ఫ్రాన్సులోను, ఆస్ట్రేలియాలోను మరల మరల తమలో తామే తలపడిరి. లాంగ్‌ఫర్డ్ ఒక్క విల్సుతోనే పదునైదుసార్లకు పైగా పోరాడెను. ఒకయేట ఒకడు గెలుచును. మఱుసటియేట రెండవవాడు గెలుచును. నల్లజాతి హెవీవెయిట్టు జగజ్జెట్టి అను వేఱొక బిరుదును వారికై కల్పించిరి. లాంగ్‌ఫర్డ్ దానిని పలుమార్లు గెలుచుకొనెను. పంక్తిలో చోటీయక, పెరటిలో వేఱుగా విస్తరివేసి, నీవును భోజనము చేయుచున్నావుగదా యని చెప్పుటవంటి దది! పైగా నొక్క విషయము గమనింపుడు. సమానులైన యోధులు ఒకరి నొకరు అరుగదీసికొనుచుండగా, కోటలోనివారు గాయములేక సుఖముగా నుండిరి. అన్యాయమును సహించువారు తమలో తాము పెనగులాడుటయే అన్యాయము చేయువారికి శ్రీరామరక్ష.

1917 జూన్ నెలలో బోస్టనులో ఫ్రెడ్ ఫుల్టన్ అను ఆజానుబాహువైన శ్వేతజాతియోధునితో పోరాడినప్పుడు లాంగ్‌ఫర్డు కన్నొకటి పాడయ్యెను. రెండవకంటికిని క్రమముగా పొరలు క్రమ్మసాగెను. మఱొకడైనచో విరమించియుండును. ఇతడు విరమింపలేదు, విరమించి తినునదేమి? కూడబెట్టినది లేదు, తెలిసిన విద్య మఱియొకటి లేదు. మసకచూపుతో ఇంక తొమ్మిదేండ్లు గోదాలో నిలిచెను. 1922 జూన్ నెలలో అట్లాంటానగరమున టైగర్ ఫ్లవర్స్ అను యువకుని రెండవరౌండున నాకౌటు చేసెను. ఆ ఫ్లవర్సే 1926లో మిడిల్‌వెయిట్టు తరగతికి మొట్టమొదటి నల్లజాతి జగజ్జెట్టి యయ్యెను. చూడుడు: కన్నులు కనబడని ముసలివానిచే ఓడిన యువకుడు నాలుగేండ్లలో జగజ్జెట్టి; ఆ ముసలివాడు పడుచువాడై, రెండు కన్నులును వెలుగుచున్ననాడు ఏ బిరుదుకును నోచుకొనలేదు. 1923లో మెక్సికోదేశపు హెవీవెయిట్టు బిరుదును గెలిచెను. ఎదుటివాడు చేరువకు వచ్చి తగిలినప్పుడు, ఆ స్పర్శను బట్టియే గుద్దుట అతడలవఱచుకొనెను. 1926లో చూపు బొత్తిగా నిలువక గోదా విడిచెను. అప్పటికి అతడు చేసిన పోటీలు, లెక్కకు వచ్చినవే, రెండువందలయేబదికి పైబడినవి. అందులో హెవీవెయిట్టు జగజ్జెట్టి బిరుదుకై జరిగినది ఒక్కటియును లేదు.

తరువాత లోకము అతనిని మఱచెను. 1944లో ఆల్ లేనీ అను న్యూయార్కు పత్రికావిలేఖకుడు లాంగ్‌ఫర్డును గూర్చి యొక వ్యాసము వ్రాయదలచి వెదుకగా, చనిపోయెనని పలువురు చెప్పిరి. అతడు విడువక వెదకి, హార్లెములో నొక చీకటిగదిలో, రెండుకన్నులు పోయి, చేత కొన్ని సెంట్లతో, ఏకాకిగా కూర్చున్న వృద్ధుని కనుగొనెను. ఆ వ్యాసము చదివి జనులు కరగిరి; పదివేల డాలర్లకు పైగా నిధి పోగయ్యెను. దానిపై వచ్చు ఆదాయముతో కడపటి పండ్రెండేండ్లును అతనికి తిండియు, గుడ్డయు జరిగెను. మన తెలుగున ముష్టి యనిన పిడికిలియు నగును, భిక్షమును నగును. ఒకే మాటలో ఆ వీరుని జీవితమంతయు ఇమిడియున్నది. అతడు ముష్టినే నమ్ముకొని బ్రతికెను. ఎవరిని ముష్టి యడుగలేదు. ఐనను, బిగించిన పిడికిలికి న్యాయము చేయని లోకము, అది సడలి అరచేయిగా తెఱచుకొన్నపిమ్మట దయ చూపెను. దయ మంచిదే, కాని న్యాయమునకు బదులు వచ్చు దయ మిక్కిలి ఆలస్యముగా వచ్చును, మిక్కిలి చవుకగా వచ్చును.

ఆ వృద్ధుడు ఎవరిని నిందింపలేదు. తన పోటీల ముచ్చటలు చెప్పి నవ్వుచుండెను. 1955లో రింగ్ పత్రికవారు నెలకొల్పిన ముష్టియోధుల కీర్తిమందిరమున అతని పేరు చేర్చబడెను. జగజ్జెట్టి బిరుదు లేనివానికి ఆ గౌరవము దక్కుట అదియే మొదలు. మఱుసటియేడు 1956 జనవరి 12వ తేదీన మసాచుసెట్సులోని కేంబ్రిడ్జి పట్టణమున కన్నుమూసెను. కాలక్రమమున వర్ణరేఖ చెరగెను. 1937 జూన్ 22వ తేదీన జో లూయిస్ షికాగోలో బ్రాడకును ఓడించి జగజ్జెట్టి కాగా, ఆ తలుపు తిరిగి తెఱవబడెను. ఆనాటికి లాంగ్‌ఫర్డునకు వయసును పోయెను, చూపును పోయెను.

ఈ కథ చదువునప్పుడు నాకు భారతమున ఆదిపర్వములోని అస్త్రవిద్యాప్రదర్శనము స్ఫురించుచుండును. కర్ణుడు రంగమున నిలిచి అర్జునునితో సమానముగా విద్య చూపెను. అప్పుడు కృపాచార్యుడు అతని విలువిద్యను పరీక్షింపలేదు. తల్లిదండ్రులెవరు, వంశమేదియని ప్రశ్నించెను. కర్ణుని తల వంగెను. దుర్యోధనుడు అంగరాజ్య మిచ్చెను గాని, ఆనాడు ద్వంద్వయుద్ధము జరుగనే లేదు, ప్రొద్దు క్రుంకెను. లాంగ్‌ఫర్డునకు రాజ్యమిచ్చు దుర్యోధనుడును లేడు. వంశప్రశ్నమును, ప్రొద్దుక్రుంకుటయును మాత్రము ఇరువురికి సమానములు.

ఇక మన మాట. మన సంఘము పుట్టుక పేర నేర్పడిన సంఘము. దీనిని దాచిపెట్టుకొన నక్కఱలేదు. మన పెద్దలకు కొన్ని తలుపులు మూయబడినందున, నలువురు కలసి నిలిచిననే గాని అవి తెఱవబడవని తోచి దీనిని స్థాపించిరి. నేడు మనలో ఉద్యోగులు కలరు, విద్యాలయములు నడుపువారు కలరు, వ్యాపారులు కలరు. అనగా కొన్ని తాళపుచెవులు మన మొలలలోనికి వచ్చినవి. కావున ఈ కథలో మన మెవరము అని ప్రశ్నించుకొనవలెను. మన మందఱమును లాంగ్‌ఫర్డులమనుకొనుట సుఖముగా నుండును. నాకు మాత్రము మనకు ఎక్కువ ప్రమాదము జాక్ జాన్సను స్థానమున నున్నదని తోచుచున్నది. బాధపడి లోపలికి వచ్చినవానికి, బయట నిలిచినవాని బాధ అందఱికంటె బాగుగ తెలియవలెను. అయినను లోపలికి వచ్చినక్షణముననే అతనికి తలుపు మీద ప్రేమయు, వెలుపలివానిపై భయమును పుట్టును. ఆ భయమునకు నియమమనియు, సంప్రదాయమనియు, అర్హతయనియు పేర్లు పెట్టుకొనును.

ముప్పదియైదేండ్లు బడిలో కూర్చున్నవానిగా నేనెఱుగుదును: మెఱికయైన పిల్లవాడు వెనుకబల్లమీద కూర్చుండి తలవంచుకొనియుండును, వాని తరపున మాటాడువాడు ఉండడు. బోస్టనులో ఉడ్‌మన్ అన్నము పెట్టి, పని యిచ్చి, తొడుగు తొడిగినందుననే లోకమునకు లాంగ్‌ఫర్డ్ తెలిసెను. అట్టి యొక్క మనిషి లేక, తెలియకయే మఱుగుపడినవారి లెక్క ఎవరు వ్రాయగలరు?

కనుక యువకులకును, నిర్వాహకులకును నా విన్నపము లివి. మన సంఘము విద్యార్థులకు సాయము చేయునప్పుడు, వీడు ఎవరి కుమారుడని పిమ్మట అడుగుదురుగాక. వీనికి ఏమి చేతనగునని ముందడుగుడు. మనలో పదవి గలవారు, తమకంటె సమర్థుడైన చిన్నవాడు ఎదుట నిలిచినప్పుడు, వాడు మనవాడైనను, పరులవాడైనను, ఫ్లిన్నును పిలిచి లాంగ్‌ఫర్డును తప్పించునట్టి పని చేయకుందురుగాక. మఱియు, ఏమి చేయదలచినను ప్రొద్దుండగా చేయవలెను. 1955లో కీర్తిమందిరమున పేరు చెక్కుట కంటె, 1909లో లండనునగరమున ఒక్క గంట గోదాలో నిలువనిచ్చియుండినచో, ఆ వీరుడు గెలిచినను, ఓడినను కృతార్థుడయ్యెడివాడు. ఓడు హక్కు సైతము ఒక గౌరవమే. అదియును అతనికి లభింపలేదు.



స్వస్తి.